కాలం ఆగిపోయిన ఊళ్ళంటారు, నమ్మకండి

ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టి పది నిమిషాలు కాలేదు, పిన్ని జవాబు వచ్చేసింది: "ఎంత బాగుందో నాన్నా! కాలం అక్కడే ఆగిపోయినట్టుంది." ఫొటోలో కొండ అంచున ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్న పెంకుటిళ్ళు, వాటి నెత్తిన కోటలాంటి చర్చి, బాగా కిందుగా పచ్చటి లొట్ నది. ఊరి పేరు సెన్-సీర్-లపోపి, ఫ్రాన్స్‌లో. పిన్ని వెనకాలే బావ అందుకున్నాడు: "మనకెందుకురా ఇలాంటి ఊళ్ళు ఉండవు? మనవాళ్ళకి కాపాడుకోవడం రాదు."

ఇద్దరికీ కలిపి ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. గ్రూపులో వాదన మొదలుపెడితే మధ్యలో ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ గులాబీ పెడతారు, అంతటితో అది అటకెక్కుతుంది. కానీ ఆ ఫొటో దాకా నేను కారులో వెళ్ళలేదు. పొద్దుటి నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. కారులో నేరుగా వెళ్ళి దిగి ఉంటే పిన్ని అన్నమాటే నేనూ అనేవాణ్ణి. రోజంతా ఆ లోయలో తొక్కాక మాత్రం ఆ మాట నాకు నోట రాలేదు. ఎందుకు రాలేదో తీరిగ్గా చెబుదామని ఈ పోస్టు.

నేనుండేది ఫ్రాన్స్ నైరుతిలో, తులూజ్‌లో. విమానాలు తయారయ్యే ఊరు కాబట్టి మనవాళ్ళు బాగానే ఉన్నారు. ఉగాదికి ఎండబెట్టిన వేపపువ్వు ఎవరింట్లో ఉందో అందరికీ తెలిసేటంత మంది. శని ఆదివారాలు చాలామంది కార్లేసుకుని స్పెయిన్ వైపో, పైరెనీస్ కొండలకో పోతారు. నాకు కారు లేదు. నాలుగేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోడ్ సైకిలు ఉంది. సన్న టైర్లు, వంగిన హ్యాండిల్, స్టాండు లేదు, క్యారేజీ లేదు. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "అంత డబ్బు పోస్తే మడ్‌గార్డులు కూడా ఇవ్వలేదా?" నాన్న నలభై ఏళ్ళు సైకిలు తొక్కారు. ఒక్కరోజు కూడా సైక్లింగ్ చెయ్యలేదు. ఈ తేడా గురించి వేరే పోస్టు రాయాలి.

సెలే అనేది చిన్న నది. సున్నపురాతి పీఠభూమిని కోసుకుంటూ వచ్చి లొట్ నదిలో కలుస్తుంది. ఆ పీఠభూమిని అక్కడ కోస్ అంటారు. పైన వాన పడితే నీళ్ళు నిలవవు, రాతి పగుళ్ళలోకి జారిపోతాయి. అందుకే కోస్ మీద ఓక్ పొదలు, గొర్రెలు తప్ప పెద్దగా ఏమీ కనపడవు. ఆ గొర్రెలకి కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుంటాయి, చత్వారం కళ్ళద్దాలు పెట్టుకున్న మేష్టార్లలా చూస్తాయి. నీళ్ళన్నీ లోయలో ఉంటాయి కాబట్టి ఊళ్ళూ లోయలోనే ఉన్నాయి. ఫిజాక్ దగ్గర మొదలుపెట్టి సెలే వెంట దిగి, అది లొట్‌లో కలిసేచోట ఆగి, సెన్-సీర్ ఎక్కి, సాయంత్రానికి కావోర్ చేరి రైలెక్కాలని నా ప్లాను. 80 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ.

సైకిలుతో సహా లోకల్ రైలెక్కి ఫిజాక్‌లో దిగాను. ఈజిప్టు చిత్రలిపి గుట్టు 1822లో విప్పిన షాంపోలియన్ 1790లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఇంటి పక్క చిన్న వాకిలి నిండా, ఆ గుట్టు విప్పడానికి ఆధారమైన రొజెట్టా రాయి నకలు పరిచారు, నల్లరాతి పలక, దాని మీదే నడవాలి. ఇనుప క్లిప్పుల సైకిలు బూట్లతో అక్షరాల మీద నడవడానికి మనసొప్పలేదు, పక్కనుంచి వచ్చేశాను. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆ రోజు సోమవారం. ఇక్కడ పల్లెల్లో సోమవారం చాలా బేకరీలు మూసేస్తారు. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా దుకాణాలకి తాళాలే. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది ఒకసారి చక్కెర పొట్లాలు తిని ముప్ఫై కిలోమీటర్లు తొక్కాను. ఈసారి ఫిజాక్‌లోనే రొట్టె, మేక జున్ను కొని జెర్సీ వెనక జేబుల్లో కుక్కాను.

ఊరి బయట కాసేపు లారీల రోడ్డు. తర్వాత ఎడమకి తిరిగితే డి41. అక్కడి నుంచి చెవుల్లో గాలి తప్ప మరో చప్పుడు లేదు. డి అంటే దెపార్త్‌మాఁ, మన జిల్లా అనుకోండి. జిల్లా వేసిన రోడ్డు, జిల్లా చూసుకునే రోడ్డు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళకి పసుపు తల ఉంటుంది. మన దగ్గర పసుపు జాతీయ రహదారికి, ఇక్కడ జిల్లా రోడ్డుకి. జాతీయ రహదారిది ఇక్కడ ఎరుపు. తారు మీద చిన్న కంకర చల్లి రోలర్ తొక్కించిన రోడ్డు, నున్నగా ఉండదు. హ్యాండిల్ పట్టుకున్న వేళ్ళకి సన్నటి వణుకు తెలుస్తూనే ఉంటుంది. కానీ గంటసేపు తొక్కినా ఒక్క గొయ్యి లేదు. కారు వస్తే వెనకే నెమ్మదిగా వచ్చి, ఎదర ఖాళీ చూసుకుని, దూరంగా తప్పుకుని పోతుంది. ఊళ్ళ బయట సైకిలుకి మీటరున్నర ఎడం ఇవ్వాలని చట్టం. అందరూ పాటిస్తారని చెప్పను, ఆ రోజు నా పక్కనుంచి వెళ్ళినవాళ్ళు పాటించారు.

ఒక పక్క నది, వరసగా పోప్లార్ చెట్లు, మొక్కజొన్న మడులు. రెండో పక్క కొండ గోడ. కొన్ని ఇళ్ళకి ఆ కొండే వెనక గోడ. మూడు పక్కలే కట్టి నాలుగోది దేవుడికి వదిలేశారు. ఇంకా పైన, మనిషి ఎలా ఎక్కాడో అర్థం కాని ఎత్తులో, గుహ నోటికి అడ్డంగా రాతి గోడలు, వాటిలో బాణాల కంతలు. అలాంటివాటిని ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ కోట అంటారు. ఫ్రాన్స్‌కీ ఇంగ్లండుకీ మధ్య జరిగిన వందేళ్ళ యుద్ధం నాటి పేరు, బ్రెంగ్‌లో ఒకటి, కబ్రెరేలో ఒకటి, కింద బుజియెస్‌లో ఒకటి. నిజంగా కట్టింది ఎవరైనా, చెడ్డపేరు మాత్రం ఇంగ్లీషువాళ్ళ ఖాతాలోకే పోయింది. మనకి ఇందులో కొత్తేమీ లేదు.

ఎస్పాన్యాక్‌లో పాత సన్యాసినుల మఠం ఉంది. చర్చి గంట గోపురం పైభాగం చెక్క చట్రాలతో కట్టారు, దూరం నుంచి చూస్తే పావురాల గూడు నెత్తిన పెట్టుకున్నట్టుంటుంది. ఆగాను, నీళ్ళు పట్టుకున్నాను, కదిలాను. నీళ్ళంటే గుర్తొచ్చింది. ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళు కొత్తవాళ్ళకి మొదట చెప్పే చిట్కా: సీసా ఖాళీ అయితే శ్మశానం వెతుక్కో. సమాధుల మీద పూలకుండీలకి పోయడానికి ప్రతి ఊరి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్ళయితే బోర్డు పెడతారు. ఎన్నో ఊళ్ళలో దాహం తీర్చింది ఆ కుళాయే. అమ్మకి మాత్రం ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

పంక్చర్ అయింది బ్రెంగ్ దాటాక. ఊరి పేరు రాయను, ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది. వెనక చక్రం మెత్తబడింది, దిగి తోసుకుంటూ చర్చి ముందున్న బెంచీ దాకా వెళ్ళాను. చేతిలో ఒక్కటే కొత్త ట్యూబు. తీసి చూస్తే దాని వాల్వు పొట్టిది, రిమ్ము దాటి బయటికి రావడం లేదు. కొనేటప్పుడు చూసుకోని తప్పు నాదే. ఇక పాత ట్యూబుకి ప్యాచ్ వెయ్యాలి. కంత ఎక్కడుందో కనపడదు. బుగ్గకి ఆనించి చూశాను, చెవి దగ్గర పెట్టి విన్నాను. ఎదురింటి కిటికీలోంచి నా అవస్థ చూస్తున్న ఒక పెద్దావిడ ఏమీ అడక్కుండా ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్ళు తెచ్చి బెంచీ మీద పెట్టింది. మా ఊళ్ళో సైకిలు షాపు ముందుండే తొట్టి అచ్చం గుర్తొచ్చింది. ట్యూబుని నీళ్ళలో ముంచి చేత్తో జరుపుతుంటే, వాల్వుకి జానెడు దూరంలో ఒక సన్నటి బుడగల దారం పైకి లేచింది. ఇద్దరం ఒకేసారి "అదిగో" అన్నాం, ఆవిడ ఫ్రెంచిలో, నేను తెలుగులో.

జిగురు ఆరేదాకా చేసేదేం లేదు. బెంచీ ఎదురుగా 1914-18 యుద్ధంలో చనిపోయినవాళ్ళ స్మారక స్తంభం. ఫ్రాన్స్‌లో అది లేని ఊరు బహు అరుదు. పేర్లు లెక్కపెట్టాను. ఒకే ఇంటిపేరు మూడు చోట్ల ఉంది. చుట్టూ ఉన్న ఇళ్ళు కూడా లెక్కపెట్టాను. స్తంభం మీద పేర్లకీ, చూపు మేరలో ఉన్న గడపలకీ పెద్ద తేడా లేదు.

ఆవిడతో మాట కలిసింది. ఆ వీధిలో శీతాకాలం దీపం వెలిగే ఇళ్ళు మూడట. మిగతావి వేసవి ఇళ్ళు, పారిస్‌వాళ్ళవి, తులూజ్‌వాళ్ళవి, ఒకటి డచ్చివాళ్ళది. చెక్క తలుపులు మూసిన కిటికీలు, వాకిట్లో గులాబీలు కత్తిరించి నీటుగా. "మీకు కోపం రాదా?" అని అడిగాను. "ఎందుకు? వాళ్ళు కొనకపోతే కప్పులు కూలిపోయేవి. మా చిన్నప్పుడు సగం కూలిపోయే ఉండేవి" అంది. ఆవిడ కోపం వేరే ఉంది. పాత చర్చికి దగ్గరలో ఇల్లు కాబట్టి కిటికీ మార్చాలంటే ప్రభుత్వ ఆర్కిటెక్టు ఒప్పుకోవాలి. చారిత్రక కట్టడం చుట్టూ 500 మీటర్ల లోపు కట్టుబడులకి ఈ నియమం 1943 నాటి చట్టంతో వచ్చింది. "చలి లోపలికి వస్తోందయ్యా, వాళ్ళకి కిటికీ రంగు ముఖ్యం!"

కాలం ఆగిపోయిందన్న మాట నా బుర్రలోంచి రాలిపోయింది ఆ బెంచీ మీదే. ఈ జిల్లా పేరు కూడా లొట్టే. 1851లో ఇక్కడి జనాభా 2 లక్షల 96 వేలు. ఇప్పుడు 1 లక్షా 75 వేలకి కాస్త అటూ ఇటూ. ఈ మధ్యలో ఫ్రాన్స్ జనాభా దాదాపు రెట్టింపైంది, ఈ జిల్లాది మాత్రం కరిగింది. 1870ల తర్వాత ఫైలోక్సెరా అనే పురుగు ద్రాక్షతోటల వేర్లు తినేసింది. కోస్ మీద తోటలు పోయినవాళ్ళు పారిస్‌కో, సముద్రాలు దాటో పోయారు. ఆ తర్వాత ఆ స్తంభం మీది యుద్ధం. ఆ తర్వాత ట్రాక్టర్లు, పట్నంలో ఉద్యోగాలు. కొత్త ఇల్లు కట్టడానికి మనిషే లేనప్పుడు పాత ఇల్లు పడగొట్టేదెవరు? అందుకే అది నిలిచింది. మనం ఫొటో తీసుకునేది ఆ నిలిచినదాన్ని.

దీనికి లిఖితపూర్వకమైన సాక్ష్యం కూడా ఉంది. 'ఫ్రాన్స్ అతి సుందర గ్రామాలు' అనే సంఘం 1982లో పక్క జిల్లాలో, కొలోంజ్-ల-రూజ్ అనే ఊరి మేయరు చొరవతో మొదలైంది. సెన్-సీర్ ఆ జాబితాలో ఉంది. అందులో చేరాలంటే ఊళ్ళో 2000 మందికి మించి ఉండకూడదు. అందం ఎంత ఉన్నా సరే, జనం ఎక్కువైతే చోటు లేదు!

మర్సియాక్‌లో విరిగిన మఠం చూశాను. ఒకప్పుడు రోకమదూర్ అనే పెద్ద యాత్రాస్థలం మాదంటే మాదని వేరే మఠంతో తగువాడిన సన్యాసులు వీళ్ళు. ఇప్పుడు కప్పులేని నడవలో గడ్డి మొలిచింది, మధ్యలో ఒక యాత్రికుడు బూట్లు విప్పి కాళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు. స్పెయిన్‌లోని సంతియాగో దాకా కాలినడకన పోయే దారి పాయ ఒకటి ఈ లోయలోంచే వెళ్తుంది. అతన్ని చూశాక నా 80 కిలోమీటర్ల గురించి గొప్పగా చెప్పుకోబుద్ధి కాలేదు.

కబ్రెరే దగ్గర కొండ మీద పెష్ మెర్ల్ గుహ. ఎక్కుడు చిన్నదే గానీ గోడలా నిలబడి ఉంటుంది, నేను సగం దూరం చివరి గేరులో, మిగతా సగం పళ్ళు బిగించుకుని ఎక్కాను. 1922లో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడికి పదహారేళ్ళు, ఇంకొకడికి పదిహేను, ఇరుకు సందులో పాక్కుంటూ వెళ్ళి కనిపెట్టారు దీన్ని. ఊరి ఫాదర్ లెమోజీకి గుహల పిచ్చి, వాళ్ళని ఎగదోసింది ఆయనే. లోపల గోడ మీద రెండు మచ్చల గుర్రాలు, చెరో వైపు తిరిగి, వెనక భాగాలు ఒకదాని మీదికొకటి వచ్చేట్టు. వయసు దాదాపు 29 వేల ఏళ్ళు. చుట్టూ ఎవరిదో చెయ్యి గోడకి ఆనించి పైనుంచి రంగు ఊదిన ముద్రలు. ఆ మచ్చలు ఊహేనని చాలాకాలం అనుకున్నారు. ఆ కాలపు గుర్రాల ఎముకల్లో డీఎన్ఏ చూసి, మచ్చల గుర్రాలు నిజంగానే ఉండేవని 2011లో తేల్చారు. మట్టిలో ఒక పిల్లవాడి కాలి ముద్రలు కూడా ఉన్నాయి, నిన్న నడిచినట్టు.

ఆగిన కాలం చూడాలంటే ఇదొక్కటే చోటు. అదైనా ఎలా ఆగింది? గుహ నోరు మూసుకుపోయి వేల ఏళ్ళపాటు మనిషి లోపలికి పోలేక! ఇప్పుడు కూడా రోజుకి 700 మందికి మించి వదలరు. మన ఊపిరికే బొమ్మలు పాడవుతాయట. లోపల పన్నెండు డిగ్రీల చలిలో చెమట తడి జెర్సీతో గంటసేపు వణుకుతూ నిలబడ్డాను. బయటికొచ్చి ఎండలో రాతి మీద కూర్చుని జున్ను తిన్నాను. అంత రుచైన జున్ను మళ్ళీ దొరకలేదు. చలికి, ఆకలికి వచ్చిన రుచి కావచ్చు.

సెలే లొట్‌లో కలిసే చోటు కొందూషే. అక్కడ రోడ్డు పక్కనే తుప్పు పట్టిన రైలు పట్టాలు, మధ్యలో చెట్లు. కావోర్ నుంచి కప్దెనాక్ దాకా లొట్ వెంట 1886లో రైలు వేశారు. సొరంగాలు, ఇనుప వంతెనలు, బోలెడు ఖర్చు. 1980లో ప్రయాణికుల రైళ్ళు ఆపేసి బస్సు పెట్టారు. "డెబ్బై ఎనభై కిలోమీటర్లు సైకిలా? బస్సు లేదా అక్కడ?" అని నాన్న అడిగితే నవ్వాను గానీ, న్యాయమైన ప్రశ్నే. ఉంది నాన్నా, రైలుని మింగి కూర్చుంది.

ఇరుకు వంతెన దాటి బుజియెస్ చేరితే అక్కడుంది ఈ లోయలో నాకు అన్నింటికంటే నచ్చినది. నది పక్కన కొండ నేరుగా నీళ్ళలోకి దిగిపోతుంది, గట్టు లేదు. పడవల్ని తాడు కట్టి లాగేవాళ్ళు ఎక్కడ నడవాలి? అందుకని 1840లలో కొండ అడుగున రాతిని తొలిచి సొరంగానికి ఒక పక్క గోడ తీసేసినట్టు దారి చేశారు. నెత్తిన కొండ, ఎడమ చేతికి నది. సైకిలు దిగి తోసుకుంటూ నడిచాను. బూట్ల క్లిప్పులు రాతి మీద టకటకమంటుంటే తలపైన అదే చప్పుడు తిరిగి వినిపిస్తోంది. రాతి మీద ఉలి గీతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి, ఏటవాలుగా, అన్నీ ఒకే వైపుకి. కావోర్ నల్ల వైను పీపాలు కిందికి బోర్దో రేవుకి, ఎగువన దెకాజ్‌విల్ గనుల బొగ్గు, అన్నీ ఈ నది మీదే తిరిగేవి. రైలొచ్చాక పడవలు పోయాయి. 1926లో ప్రభుత్వం ఈ నదిని పడవ దారుల జాబితాలోంచే కొట్టేసింది. ఆ రైలుని తర్వాత లారీలు, కార్లు తినేశాయి. నది, దాని పక్కన తాడు లాగిన దారి, దాని పక్కన రైలు, దాని పక్కన తారు రోడ్డు. నాలుగూ ఒక్క చూపులో కనపడతాయి.

దారి చివర లాకులున్నాయి, అంటే పడవల్ని పల్లం నీళ్ళ నుంచి ఎత్తుకీ, ఎత్తు నుంచి పల్లానికీ దాటించే తలుపులు. ఫ్రెంచిలో దాన్నేమంటారో నాకు తర్వాత తెలిసింది, నోట్లో ముందు వచ్చింది లాకులే. నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, కాలవ మీద లాకుల పక్కన మా స్కూలు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే వీళ్ళు ఇక్కడ కొండ తొలుస్తున్న రోజుల్లోనే మనవాళ్ళు అక్కడ రాళ్ళు మోస్తున్నారు. తర్వాత కాలవలు, కాలవల మీద లాకులు, ధాన్యం పడవలు, గట్టు మీంచి భుజానికి తాడేసుకుని పడవ లాగే మనుషులు. కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే పోవచ్చని తాతయ్య చెబితే కథనుకునేవాణ్ణి. అక్కడా అంతే జరిగింది. రైలు, తర్వాత లారీ. మా లాకుల తలుపులు బిగుసుకుపోయి గుర్రపుడెక్క మధ్య నిలబడి ఉంటాయి.

ఇక్కడి లాకులు పనిచేస్తున్నాయి. నదిలో కొంత మేర 1990లో మళ్ళీ పడవలు తిరగడానికి తెరిచారు, సరుకు పడవలు కావు, సెలవులకి అద్దెకి తీసుకునేవి. తలుపులు ఎవరి పడవకి వాళ్ళే తిప్పుకోవాలి. ఒక ముసలి జంట ఆ ఇనుప హ్యాండిల్‌తో కుస్తీ పడుతున్నారు, ఆయన తిప్పుతుంటే ఆవిడ కాగితం చూసి సూచనలు చదువుతోంది. సైకిలు గోడకి ఆనించి వెళ్ళి ఒక చెయ్యి వేశాను. ముందు కింది కంతలు మూసి, పైవి తీసి, నీళ్ళు సమమయ్యేదాకా ఆగాలి, తొందరపడి తలుపు నెడితే కదలదు. "మీకెలా తెలుసు?" అన్నాడాయన. ఊళ్ళో లాకుల మీంచి కాలవలోకి దూకుతూ పెరిగినవాడికి తెలియక ఏం చేస్తుంది.

సెన్-సీర్ ఆ తర్వాత వచ్చింది, కొండ ఎక్కి. బాగుంది. బాగోలేదని ఎవరూ అనలేరు. ఒకప్పుడు ఇక్కడ ఇంటింటా చెక్క తరిమెన పట్టేవాళ్ళు, బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రతో వైను పీపాలకి కుళాయిలు చేసేవాళ్ళు. పీపాల వ్యాపారం పోయింది, వాళ్ళూ పోయారు. ఖాళీ అయిన ఇళ్ళని చిత్రకారులు, కవులు కొన్నారు. సర్రియలిజం అనే కళా ఉద్యమానికి పెద్ద ఆంద్రే బ్రెతోఁ 1951లో ఇక్కడ ఇల్లు కొన్నాడు. 2012లో టీవీ వాళ్ళు పెట్టిన పోటీలో ఫ్రెంచివాళ్ళకి అత్యంత ఇష్టమైన ఊరుగా గెలిచింది. ఉండేది 200 మంది చిల్లర, ఏడాదికి వచ్చేది లక్షల మంది. నాకు కావాల్సింది పొడుగు వాల్వున్న ట్యూబు. దొరికినవి పింగాణీ గిన్నెలు, కుంకుమపువ్వు సబ్బు. ఫొటో తీసి గ్రూపులో పెట్టి దిగిపోయాను.

ఇప్పుడు బావ మాట. మనవాళ్ళకి కాపాడుకోవడం రాదన్నాడు. కొంత నిజం, మన రాతి మండపాలకి సున్నం కొట్టే తీరు చూస్తే నాకూ కడుపు మండుతుంది. కానీ ఈ లోయవాళ్ళు పుట్టుకతో కాపాడుకునేవాళ్ళేమీ కాదు. ఇక్కడా కప్పులు కూలాయి, మఠాల రాళ్ళు ఊడదీసి గొడ్లసావిళ్ళు కట్టుకున్నారు. మిగిలినదాన్ని చట్టాలు పెట్టి, డబ్బు పోసి, ఆ పెద్దావిడ కిటికీకి అడ్డుపడి నిలబెట్టారు. మెచ్చుకోవాలంటే అందుకు మెచ్చుకో బావా. ఇంకా మెచ్చుకోవాలంటే మూడిళ్ళలో దీపం వెలిగే వీధికి కూడా గొయ్యి లేని రోడ్డు వేసినందుకు, శ్మశానంలో కుళాయి ఆగకుండా చూసినందుకు. ఆ ప్రశాంతత మనకీ కావాలంటే మాత్రం జాగ్రత్త. దాని ధర ఊరి జనమే.

అదీగాక, మన దగ్గర ఆ ధర కట్టడం ఎప్పుడో మొదలైంది. గోదావరి జిల్లాల్లో ఏ ఊరికైనా వెళ్ళు. మండువా లోగిలి, వాకిట్లో ముగ్గు లేదు, గేటుకి తాళం. పిల్లలు హైదరాబాదులో, డల్లాస్‌లో, నాలాంటివాళ్ళు తులూజ్‌లో. అమ్మా నాన్నా అక్క దగ్గరికి హైదరాబాదు వెళ్ళి మూడేళ్ళు. మా ఇంటి తాళంచెవి పక్క వీధిలో పిన్ని దగ్గర ఉంటుంది, వారానికోసారి తీసి తుడిపిస్తుంది. సినిమావాళ్ళొచ్చి అలాంటి ఇళ్ళలో పాటలు తీసుకుంటారు, చూసినవాళ్ళు ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. ఆ పెద్దావిడ మా ఊరి గురించి అడిగితే ఇదే చెప్పాను. "మరి మీ వీధిలో ఎన్ని దీపాలు?" అంది. నాకు వెంటనే లెక్క తెలియలేదు.

కావోర్ దాకా మిగిలిన పాతిక ముప్ఫై కిలోమీటర్లు లొట్ ఒడ్డునే, ఎదురు గాలి. మధ్యలో పాత పొగాకు ఆరబెట్టే చెక్క షెడ్లు ఒకటి రెండు, పలకల మధ్య సందులతో. మన బ్యారన్లలో నిప్పు పెట్టి ఆరబెడతారు, వీళ్ళు గాలికే వదిలేసేవాళ్ళు. వాటి గురించి ఇంకా రాయొచ్చు గానీ ఆ వేళకి నా కాళ్ళు మొరాయిస్తున్నాయి, షెడ్డు వైపు చూసిందే ఎక్కువ.

కావోర్‌లో వలాంత్రే వంతెన మీద రైలు టైము దాకా కూర్చున్నాను. 1308లో మొదలుపెట్టిన వంతెన, మూడు బురుజులు. పని సాగక మేస్త్రి దెయ్యంతో ఒప్పందం చేసుకున్నాడని కథ. చెప్పిన పనల్లా చేస్తే తన ఆత్మ ఇస్తానన్నాడు, చివర్లో జల్లెడతో నీళ్ళు తెమ్మన్నాడు. ఓడిపోయిన దెయ్యం కసికొద్దీ మధ్య బురుజు మూల రాయి ప్రతి రాత్రీ పీకేసేదట. 1879లో వంతెన బాగుచేసిన పోల్ గూ అనే ఆర్కిటెక్టు ఆ మూలన కొత్త రాయి పెట్టించి, దాన్ని పీకుతున్న చిన్న దెయ్యం బొమ్మ చెక్కించాడు. తలెత్తి వెతికితే కనపడుతుంది, గోళ్ళు రాతి సందులో ఇరికించి ఉంటుంది.

రైల్లో సైకిలుని కొక్కేనికి తగిలించి ఫోను చూశాను. గ్రూపులో నా ఫొటో ఎప్పుడో పైకి వెళ్ళిపోయింది. పిన్ని విడిగా మెసేజ్ పెట్టింది: "ఆ ఇళ్ళు చూస్తే గుర్తొచ్చింది నాన్నా. మొన్నటి వానకి మనింటి వసారా మీద పెంకులు జారాయి. మేస్త్రిని పిలిస్తే, ఇప్పుడు పాత పెంకులు దొరకవు, తీసేసి రేకులేద్దాం అంటున్నాడు. ఏం చెప్పమంటావు?"

రేకులొద్దని చెప్పమని, పెంకులకైతే ఎంతవుతుందో కనుక్కోమని రాశాను.